పాత బండి అడగని ఆక్టేన్

పాత బుల్లెట్‌కో, యెజ్డీకో, ఆర్‌ఎక్స్ 100కో వంద ఆక్టేన్ పెట్రోలు పోయిస్తే ఇంజను ఆయుష్షు పెరుగుతుందన్న మాట పాత బళ్ల యజమానుల్లో వేదవాక్కు అయి కూర్చుంది. బంకు కుర్రాడు అదే చెబుతాడు. ఆదివారం పొద్దున్నే బళ్లేసుకుని కలిసే మిత్రులూ అదే చెబుతారు. కొందరు మెకానిక్కులు కూడా, అడిగినవాళ్ల ముచ్చట కాదనలేక, "పోయించుకోండి సార్, మంచిదే" అనేస్తారు. మంచిది కాదు. పోయించిన మర్నాడే ఇంజను పాడైపోతుందని నేననడం లేదు. ఆ అదనపు ఆక్టేన్ వల్ల ఆ ఇంజనుకు ఒరిగేది ఏమీ లేదని, ఆ నమ్మకం మాటున నిజంగా చేయించాల్సిన పనులు ఏళ్ల తరబడి వాయిదా పడుతున్నాయని అంటున్నాను. రెండోదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఆక్టేన్ సంఖ్య పెట్రోలు బలానికి కొలత కాదు. లీటరులో ఎంత శక్తి దాగి ఉందో అది చెప్పదు. ఎంత శుభ్రంగా మండుతుందో అంతకన్నా చెప్పదు. ప్లగ్గు అంటించిన మంట హెడ్డు లోపల ఒక పక్కనుంచి ఇంకో పక్కకు పాకుతూ పోతుంది. అది మూలలకు చేరేలోపు అక్కడ మిగిలి ఉన్న మిశ్రమం వేడికీ ఒత్తిడికీ ఓర్చుకోలేక తనంతట తానే ఒక్క పెట్టున పేలితే దాన్నే నాకింగ్ అంటున్నాం. అలా పేలకుండా ఎంతవరకు ఓర్చుకోగలదన్నదే ఆక్టేన్. 1926లో అమెరికాలో, ఇథైల్ కార్పొరేషన్‌లో పనిచేసిన గ్రాహం ఎడ్గర్ ఈ కొలతకు రెండు కొసలు నిర్ణయించాడు: ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు సున్నా. మన బంకులో పెట్రోలు 91 అంటే, పరీక్ష ఇంజనులో అది 91 పాళ్లు ఐసో ఆక్టేన్, 9 పాళ్లు హెప్టేన్ కలిపిన ద్రవంలాగే ప్రవర్తించిందని అర్థం. ఆ పరీక్షకు వాడే ఇంజనును గమనిస్తే విషయం ఇట్టే తెలిసిపోతుంది. అది నడుస్తూ ఉండగానే దాని కంప్రెషన్‌ను పెంచుకుంటూ పోవచ్చు. పెట్రోలును ఎంత గట్టిగా నొక్కితే అది నాకింగ్‌కు లొంగుతుందో చూడ్డానికే ఆ ఏర్పాటు. ఆక్టేన్ గొడవ అంతా కంప్రెషన్ దగ్గర మొదలై కంప్రెషన్ దగ్గరే తేలుతుంది.

ఐదున్నర అడుగుల మనిషి ఆరడుగుల గుమ్మంలోంచి తల వంచకుండానే వెళ్తాడు. గుమ్మాన్ని పదడుగులకు ఎత్తినంత మాత్రాన అతని నడక జోరందుకోదు. ఇంజను అడిగినంత ఆక్టేన్ ఉన్నాక పైన ఎంత ఉన్నా అంతే.

ఇంతకీ మన పాత బళ్లు అడిగేది ఎంత? పోత ఇనుము బోరున్న పాత బుల్లెట్ 350 కంప్రెషన్ నిష్పత్తి మోడల్‌ను బట్టి ఆరున్నర నుంచి ఏడుంపావు దాకా ఉంటుంది. అంటే సిలిండరులోకి వచ్చిన మిశ్రమాన్ని ఆరో వంతుకో ఏడో వంతుకో కుదిస్తుంది. ఆర్‌ఎక్స్ 100కు యమహా చెప్పిన లెక్క 6.7. టూ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ పోర్టు మూసుకున్నాకే అసలు నొక్కడం మొదలవుతుంది కాబట్టి, జపాను కంపెనీలు అక్కణ్నుంచే కొలుస్తాయి. ఇప్పుడు కొత్త బళ్ల వైపు చూడండి. 2020లో మీటియర్‌తో వచ్చిన కొత్త 350 ఇంజను నిష్పత్తి 9.5. అది మన 91 ఆక్టేన్ మామూలు పెట్రోలు మీద నిక్షేపంగా నడుస్తోంది. పన్నెండు దాటిన నిష్పత్తితో కేటీఎం 390 కూడా అదే పెట్రోలు మీద తిరుగుతోంది. వాటి లోపలి నిర్మాణం, చల్లబరిచే పద్ధతి, కంప్యూటరుతో నడిచే టైమింగ్ అన్నీ వేరే, నిజమే. అయినా తొమ్మిదిన్నరకు సరిపోయే పెట్రోలు ఆరున్నరకు చాలదని నమ్మాలంటే ఎంతో కొంత ఆధారం ఉండాలి కదా. ఈ వాదన చేసేవాళ్లెవరూ ఇంతవరకు అలాంటి ఆధారం చూపించలేదు.

ఆ నిష్పత్తి అంత తక్కువగా ఎందుకుందో తెలుసుకుంటే ఈ నమ్మకం ఎంత తలకిందులుగా ఉందో అర్థమవుతుంది. రెండో ప్రపంచయుద్ధం మొదలైన 1939 సెప్టెంబరులో బ్రిటన్‌లో కంపెనీల బ్రాండ్లన్నీ రద్దయి, అందరికీ ఒకే నాసిరకం పెట్రోలు వచ్చింది. పూల్ పెట్రోలు అనేవారు. దాని ఆక్టేన్ డెబ్బై పైచిలుకు. యుద్ధం ముగిసినా ఆ బాధ తీరలేదు. బ్రాండ్లు తిరిగి బంకుల్లోకి వచ్చింది 1953లో. మన బుల్లెట్‌కు మూలమైన స్వింగింగ్ ఆర్మ్ బుల్లెట్ సరిగ్గా ఆ మధ్యకాలంలో, 1948–49లో బ్రిటన్‌లోని రెడిచ్‌లో రూపుదిద్దుకుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టి, తిరువొత్తియూరులో ఆ బండి తయారీ మొదలుపెట్టి, పెద్దగా మార్పుల్లేకుండా దశాబ్దాల పాటు కొనసాగించింది. అంటే మీ ఇంట్లో తాతగారి బుల్లెట్ ఇంజను డెబ్బై ఆక్టేన్ నాటి కష్టకాలాన్ని దృష్టిలో పెట్టుకుని గీసినది. 2000 ప్రాంతం దాకా మన దేశంలో మామూలు పెట్రోలు ఆక్టేన్ 87, 88. ఆ పెట్రోలు మీదే ఆ బళ్లు పోలీసుల్నీ, పాలవాళ్లనీ, ఊరి పెద్దల్నీ మోశాయి. ఇవాళ మారుమూల బంకులో దొరికే అతి చవక పెట్రోలు కూడా ఆ ఇంజను తన యవ్వనంలో తాగినదానికంటే ఆక్టేన్‌లో మేలైనదే.

"మాది పేరున్న పెర్ఫార్మెన్స్ బండి, దాని సంగతి వేరు" అనేవాళ్లకు విన్సెంట్ బ్లాక్ షాడోను గుర్తుచేస్తాను. 1948లో వచ్చింది. 998 సీసీ, గంటకు 125 మైళ్లు, అంటే 200 కిలోమీటర్లు. ఆనాటికి ప్రపంచంలో అమ్మకానికున్న బళ్లలో అంత వేగం మరిదేనికీ లేదు. దాని కంప్రెషన్ నిష్పత్తి 7.3. నాసిరకం పెట్రోలుతో అంత వేగం సాధించారంటే ఆ ఘనత ఇంజను కట్టినవాళ్లది, దాన్ని శ్రద్ధగా ట్యూన్ చేసినవాళ్లది.

వంద ఆక్టేన్‌కు ఇంత వైభవం ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1940లో బ్రిటన్ గగనతలంలో జరిగిన పోరాటం నాటికి స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలు 87 నుంచి 100 ఆక్టేన్‌కు మారాయి. వాటి మెర్లిన్ ఇంజన్లకు అప్పుడు అదనపు బలం వచ్చిన మాట చారిత్రక సత్యం. కానీ ఆ బలం పెట్రోలు పోసినంత మాత్రాన రాలేదు. సూపర్‌ఛార్జర్ ఇంజనులోకి గాలిని తోసే ఒత్తిడిని చదరపు అంగుళానికి ఆరుంపావు పౌన్ల నుంచి పన్నెండు పౌన్లకు పెంచారు. పాత పెట్రోలుతో ఆ ఒత్తిడి పెడితే ఇంజను నాకింగ్‌తో పగిలిపోయేది. కొత్త పెట్రోలు ఆ ప్రమాదాన్ని అడ్డుకుంది, అంతే. ఒత్తిడి పెంచకుండా ట్యాంకులో వంద ఆక్టేన్ మాత్రమే నింపి ఉంటే పైలట్‌కు ఏ తేడా తెలిసేది కాదు. మీ బుల్లెట్‌లో ఆ ఒత్తిడి పెంచే మర ఏదీ లేదు. ఈ కాలపు ఖరీదైన కార్లలో నాక్ సెన్సర్ ఉంటుంది. మంచి పెట్రోలు పడిందని పసిగట్టి అది టైమింగ్‌ను కాస్త ముందుకు జరుపుకుంటుంది. పాత బుల్లెట్‌లో ఉన్నవి రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు, ఒక జత పాయింట్లు. ట్యాంకులో ఏం పోశారో వాటికి తెలిసే దారి లేదు.

ఇక్కడ నాకు వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. "అదంతా పుస్తకం మాట. నేను వంద ఆక్టేన్ పోయించాను, బండి మెత్తగా నడిచింది, మైలేజీ పెరిగింది." ఈ మాట అనేవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననుకోను. తేడా నిజంగానే ఉంటుంది. దానికి వాళ్లు చెప్పుకునే కారణమే తప్పు. ఈ చర్చ మొత్తానికి కీలకం ఇక్కడుంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ఇవాళ బంకులో దొరికే మామూలు పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే. ఐదో వంతు ఇథనాల్ కలిస్తే లీటరుకు దాదాపు ఏడు శాతం శక్తి తగ్గుతుంది. అంతకంటే ముఖ్యమైనది గాలి లెక్క. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు తొమ్మిది కిలోలు చాలు. ఇరవై శాతం మిశ్రమానికి ఈ లెక్క పదమూడున్నర దగ్గర తేలుతుంది. కంప్యూటరున్న బండి ఆ మేరకు పెట్రోలు పెంచుకుంటుంది. పాత బండి కార్బురేటరులో ఉన్నది రంధ్రం పరిమాణం మారని ఇత్తడి జెట్. స్వచ్ఛమైన పెట్రోలుకు సరిపెట్టిన ఆ జెట్‌లోంచి ఇథనాల్ మిశ్రమం వెళ్తే ఇంజనుకు తిండి ఎనిమిది శాతం దాకా పలచబడుతుంది. మిశ్రమం అలా పలచబడితే ఇంజను వేడెక్కుతుంది, థ్రాటిల్ తిప్పగానే తడబడుతుంది, పొద్దున్నే నాలుగు కిక్కులు ఎక్కువ అడుగుతుంది. వంద ఆక్టేన్ రకంలో ఇథనాల్ కలపరు. చాలామంది దాన్ని వెతుక్కుంటూ ఊరవతలి బంకు దాకా పోవడానికి అసలు కారణం అదే. అది పోసినప్పుడు ఆ జెట్‌కు తనకు తెలిసిన పెట్రోలు మళ్లీ దొరుకుతుంది, మిశ్రమం సరైన పాళ్లకు వస్తుంది, ఏడు శాతం శక్తీ తిరిగొస్తుంది. బండి మెత్తగా నడుస్తుంది. ఇథనాల్ లేకపోవడం చేసిన ఈ మేలును మనం ఆక్టేన్ ఖాతాలో రాసుకుంటున్నాం.

దీనికి నిరూపణ మన కళ్లముందే ఉంది. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య వందకు పైమాటే. అందుకే ఇరవై శాతం కలిపాక మన మామూలు పెట్రోలు ఆక్టేన్ 91 నుంచి 95కు చేరిందని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖే 2025లో చెప్పుకుంది. అంటే ప్రత్యేకంగా డబ్బు పెట్టకుండానే ఆదిలాబాదు నుంచి అనంతపురం దాకా ప్రతి పాత బండి ట్యాంకులోకీ ఎక్కువ ఆక్టేన్ వచ్చి చేరింది. మరి పాత బళ్లు బాగుపడ్డాయా? రబ్బరు పైపులు ఉబ్బుతున్నాయని, పెట్రోలు ట్యాపు వాషర్లు కారుతున్నాయని, కార్బురేటరు లోపల తెల్లటి పొడి పేరుకుంటోందని, మైలేజీ పడిపోయిందని గోల పెడుతున్నది ఆ యజమానులే. ఆక్టేన్ పాత ఇంజనుకు అమృతమే అయితే ఈ గోల ఉండకూడదు. ఉన్నదంటే ఆ ఇంజను అడుగుతున్నది ఆక్టేన్ కాదని ఒప్పుకోవాలి. 95 అని రాసి ఎక్కువ ధరకు అమ్మే రకాలు కొనేవాళ్లు ఇంకా నష్టపోతున్నారు. వాటిలోనూ ఇథనాల్ కలుస్తూనే ఉంది కాబట్టి, అక్కర్లేని ఆక్టేన్‌కు డబ్బు కట్టి, వద్దనుకున్న ఇథనాల్‌నే ఇంటికి తెచ్చుకుంటున్నారు.

కాబట్టి ఎవరైనా "ఇథనాల్ లేదు గనుక వంద ఆక్టేన్ వాడుతున్నాను" అంటే వాళ్లతో నాకు పేచీ లేదు. ముఖ్యంగా నెలకోసారి మాత్రమే బయటికి తీసే బండికి అది అర్థమున్న ఖర్చే. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట వానాకాలమంతా కదలకుండా నిలబెట్టిన బండి ట్యాంకులో నీరు ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగే ప్రమాదం ఉంది. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే జావా, యెజ్డీల్లో ఆ అడుగు నీటితో ఆయిల్ కలవదు. ట్యాపులోంచి ముందు దిగేది ఆ నీరే కనుక, ఆయిల్ లేని ద్రవంతో ఇంజను తిరిగితే ఏమవుతుందో యెజ్డీ నడిపినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అదంతా నిజమే, కానీ ఆ కథలో ఆక్టేన్‌కు పాత్రే లేదు.

ఈ నమ్మకం ఎలా వేళ్లూనుకుందో నాకు అర్థమవుతుంది. పెట్రోలులో కిరోసిన్ కల్తీ విచ్చలవిడిగా సాగిన రోజులున్నాయి. కిరోసిన్ ఆక్టేన్ అతి తక్కువ. కల్తీ పెట్రోలు పోస్తే ఆరున్నర నిష్పత్తి ఇంజను కూడా ఎత్తు మీద టంగుటంగుమనేది. 2002 ప్రాంతంలో స్పీడ్, పవర్ లాంటి పేర్లతో ఖరీదైన పెట్రోలు వచ్చినప్పుడు జనం కొన్నది కల్తీ లేదన్న భరోసాను. చాలామటుకు అవి ఆక్టేన్ పెంచిన రకాలు కూడా కాదు, మామూలు పెట్రోలులో శుభ్రపరిచే రసాయనాలు కలిపినవి. డబ్బెక్కువ పెడితే బండి బాగుంటుందన్న అనుభవం అక్కడ పుట్టి, తర్వాత ఆక్టేన్ సంఖ్యకు అంటుకుంది. అంతకుముందు ట్యాంకులో కలరా ఉండలు వేసుకున్న తరం కూడా ఉంది. ఇవాళ సీసాల్లో అమ్మే ఆక్టేన్ బూస్టర్లు ఆ కలరా ఉండల వారసులే. వాటిలో మాంగనీసు సమ్మేళనం ఉన్నవి ప్లగ్గు కొన మీద ఎర్రటి పూత పెడతాయి. ప్లగ్గు రంగు చూసి ఇంజను ఆరోగ్యం చెప్పే పద్ధతినే అవి చెడగొడతాయి.

సీసం సంగతి ఇంకో చిక్కుముడి. 1921లో థామస్ మిడ్‌గ్లీ టెట్రాఇథైల్ లెడ్ గుణం కనిపెట్టినప్పటినుంచి ఆక్టేన్ పెంచడానికి సీసమే కలిపారు. ఆ సీసం వాల్వు సీట్ల మీద పలుచని పొరగా ఏర్పడి వాటిని అరుగుదల నుంచి కాపాడేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి పెట్రోలులో సీసం పూర్తిగా ఆగిపోయింది. "పాత బండికి సీసం లేదు, కనీసం ఆక్టేన్ అయినా ఉండాలి" అనే వాదన అక్కణ్నుంచి వచ్చింది. ఇవి రెండు వేర్వేరు పనులు. ఇవాళ్టి వంద ఆక్టేన్‌లో సీసం లేదు, అది వాల్వు సీటుకు ఏ రక్షణా ఇవ్వదు. పైగా మన బుల్లెట్ బోరు మాత్రమే పోత ఇనుము. హెడ్డు అల్యూమినియం, దానిలో సీట్లు విడిగా దిగగొట్టినవి. సీసం ఆగిపోయి పాతికేళ్లు దాటినా మన రోడ్ల వేగాల్లో అవి తిరుగుతూనే ఉన్నాయి. అరిగినప్పుడు గట్టి సీటు వేయించుకోవాలి. టూ స్ట్రోక్ బళ్లకైతే అసలు ఆ వాల్వులే లేవు.

మన ఎండల మాట కూడా ఎత్తుతారు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గాలి నలభై ఐదు డిగ్రీలు దాటినప్పుడు ఏ ఇంజనుకైనా ఆక్టేన్ అవసరం కొన్ని పాయింట్లు పెరుగుతుంది. ఒప్పుకుంటాను. కానీ డెబ్బై పైచిలుకు పెట్రోలును ఉద్దేశించి కట్టిన ఇంజనుకూ 91కీ మధ్య ఉన్న ఖాళీ ఆ పెరుగుదలను హాయిగా మింగేస్తుంది. ఎండలో పాత బండిని చంపేవి వేరే ఉన్నాయి. బోరు చేయించినప్పుడు పిస్టన్‌కు వదలాల్సిన సందు వదలకపోవడం, పలచబడ్డ మిశ్రమం, మడ్డి పట్టిన ఫిన్నులు, మార్చని ఆయిల్. పిస్టన్ బిగుసుకుపోతే ఆక్టేన్ ఏం చేస్తుంది?

ఇంతవరకు ఉపయోగం లేదనే చెప్పాను. ఇక హాని సంగతి. ఎత్తు ఎక్కేటప్పుడు పాత బండి నిజంగానే నాకింగ్ చేస్తోందనుకుందాం. ఆరున్నర నిష్పత్తి ఇంజను 91 మీద నాకింగ్ చేసిందంటే అది ఇంజను చెబుతున్న ఫిర్యాదు. టైమింగ్ ముందుకు జరిగి ఉండొచ్చు. ఆటో అడ్వాన్స్ స్ప్రింగులు వదులై, నిదానంగా తిరిగేటప్పుడే బరువులు పూర్తిగా తెరుచుకుంటూ ఉండొచ్చు. పిస్టన్ మీద, హెడ్డు లోపల బొగ్గు పేరుకుని కంప్రెషన్ పెరిగి ఉండొచ్చు. కార్బురేటరు, హెడ్డు మధ్య గాస్కెట్టులోంచి గాలి లాగుతూ మిశ్రమం పలచబడి ఉండొచ్చు. ఈ ఫిర్యాదు విని వంద ఆక్టేన్ పోయించామంటే చప్పుడు ఆగిపోతుంది, లోపం మాత్రం అక్కడే ఉంటుంది. టైమింగ్ ముందున్న ఇంజను కిక్కు వెనక్కి తన్నడం మానదు. పిస్టన్ పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తోస్తుంది, ఆ దెబ్బ మంట అంటుకున్న ప్రతిసారీ బిగ్ ఎండ్ బేరింగుకు తగులుతుంది, వేడి హెడ్డుకూ పిస్టన్‌కూ ఎక్కుతుంది. యజమాని మాత్రం బండి హాయిగా ఉందనుకుంటాడు. ఒకరోజు దోమలపెంట దాటి శ్రీశైలం ఘాట్‌లో వెళ్తూ, వంద ఆక్టేన్ దొరకని చోట మామూలు పెట్రోలు పోయించుకుంటాడు. వెనక మనిషి, సామాను, ఎత్తు, టాప్ గేరు. నెలల తరబడి నోరు నొక్కేసిన లోపమంతా అప్పుడు ఒక్కసారిగా పిస్టన్ మీద పడుతుంది. నింద మాత్రం ఆ బంకు పెట్రోలు మీదికి పోతుంది.

నా పక్షం వాదించేవాళ్లు కూడా ఒక తప్పు మాట ప్రచారం చేస్తున్నారు. దాన్నీ వదలకూడదు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు నెమ్మదిగా మండుతుందని, అందుకే పాత ఇంజనులో ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుందని అంటుంటారు. ఆక్టేన్‌కూ మంట పాకే వేగానికీ అలాంటి నేరు సంబంధం లేదు. మంట వేగం పెట్రోలులో ఏయే హైడ్రోకార్బన్లు ఉన్నాయి, మిశ్రమం ఏ పాళ్లలో ఉంది, లోపల గాలి ఎంత సుడి తిరుగుతోంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. వాల్వు కాలడానికి కారణం సాధారణంగా పలచని మిశ్రమం, వెనక్కి జరిగిన టైమింగ్, సందు లేకుండా బిగించిన ట్యాపెట్లు. వంద ఆక్టేన్ మీద బండికి నిప్పంటుకుంటుందన్నంత భయపెట్టి మాన్పించాల్సిన పని లేదు. ఉన్నదున్నట్టు చెబితే చాలు.

నిజంగా ఎక్కువ ఆక్టేన్ కావాల్సిన పాత బళ్లూ ఉన్నాయి. 1972 నాటి నార్టన్ కమాండో కంబాట్ ఇంజను నిష్పత్తి పది. బీఎస్ఏ గోల్డ్ స్టార్ లాంటి పందెం బళ్ల నిష్పత్తీ ఎక్కువే. మన దగ్గర కూడా హెడ్డు చెక్కించి, పొడుగు పిస్టన్ వేయించి కంప్రెషన్ పెంచుకున్న బుల్లెట్లు ఉన్నాయి. వాళ్లు పోయించుకోవాల్సిందే. ఆ బండి కంప్రెషన్ ఎంతో కొలిచి తెలుసుకున్నవాళ్లు కాబట్టి వాళ్లకు ఈ వ్యాసం అవసరమే లేదు. అమెరికాలో ఉంటూ సెలవులకు వచ్చి నాన్న బుల్లెట్ బయటికి తీసే మనవాళ్లకు మాత్రం ఒక మాట. అక్కడి బంకు మీద 91 అంటే ప్రీమియం. ఇక్కడి 91 ఆ లెక్క కాదు. అక్కడ రెండు రకాల ఆక్టేన్ పరీక్షల సగటు రాస్తారు, ఇక్కడ వాటిలో మొదటిదాని అంకె ఒక్కటే చెబుతారు. మన 91 అమెరికాలో సుమారు 86, 87 అవుతుంది. అక్కడి మిత్రుడు తన ట్రయంఫ్‌కు 91 పోస్తున్నాడని విని, ఇక్కడ దానికి సాటిగా ఏం పోయాలా అని కంగారుపడి వందకు పోవద్దు. ఆ 86 కూడా బుల్లెట్‌కు ఎక్కువే.

ఇక డబ్బు. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ వంద ఆక్టేన్ విడుదల చేసినప్పుడు ఢిల్లీలో లీటరు ధర 160 రూపాయలు. మామూలు పెట్రోలుకూ దానికీ లీటరుకు యాభై రూపాయల తేడా అనుకుందాం. నెలకు ఐదువందల కిలోమీటర్లు తిరిగి, లీటరుకు ముప్పై ఐదు ఇచ్చే బండికి ఏడాదికి అదనంగా ఎనిమిది వేల పైన అవుతుంది. ఆ డబ్బుతో పుత్లీబౌలిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఏం చేయించుకోవచ్చో ఆలోచించండి. పాయింట్లు, కండెన్సరు కొత్తవి వేయించి, సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టించి, టైమింగ్ మాన్యువల్ ప్రకారం సరిచేయించొచ్చు. హెడ్డు దింపి బొగ్గు గీకించొచ్చు. ఇథనాల్‌కు తట్టుకునే పెట్రోలు పైపు, ట్యాపు వాషర్లు, కార్బురేటరు కిట్టు మార్పించొచ్చు. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, కాస్త దూరం నడిపి, ప్లగ్గు విప్పి లేత గోధుమ రంగుకు వచ్చిందో లేదో చూసుకోవచ్చు. తెల్లగా ఉంటే ఇంకో సైజు. ఈ పనులు ఏటా చేయించే అవసరం కూడా ఉండదు. చేతిలో ఫీలర్ గేజ్ పట్టుకుని చెవితో టైమింగ్ చెప్పగల ముసలి మెకానిక్కులు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లే పనే లేకుండా చేస్తోంది ఈ ఖరీదైన పెట్రోలు నమ్మకం. ఆ చేతులు ఖాళీగా కూర్చుంటే ఇంకో పదేళ్లకు ఏ పెట్రోలు పోసినా ఈ బళ్లను నడిపించేవాళ్లు దొరకరు.

బుల్లెట్ సంఘాలూ, యెజ్డీ మిత్రులూ గొంతెత్తాల్సిన విషయం ఒకటుంది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరులో మామూలు పెట్రోలు పది శాతం ఇథనాల్‌కు మారినప్పుడు, పాత బళ్ల కోసం సూపర్ రకాన్ని ఐదు శాతం దగ్గరే ఉంచారు. ఏ గొట్టంలో ఎంత శాతం దాకా ఉందో ఇ5, ఇ10 అని నాజిల్ పక్కనే రాసి పెడుతున్నారు. మన దగ్గర ఇథనాల్ లేని పెట్రోలు కావాలంటే వంద ఆక్టేన్ ధర కట్టడం తప్ప దారి లేదు. మనకు కావాల్సింది ఇథనాల్ లేని 91, దాని అసలు ధరకు. జిల్లాకు ఒకటి రెండు బంకుల్లో దొరికినా చాలు. అది వచ్చేదాకా కనీసం ప్రతి పంపు మీదా ఇథనాల్ శాతం తెలుగులో, కనబడేలా రాయించమని చమురు కంపెనీలనూ పౌర సరఫరాల శాఖనూ అడగాలి. వంద ఆక్టేన్ కోసం ఊరవతలి బంకులో క్యూ కట్టే ఓపికను ఆ అర్జీ రాయడానికి ఖర్చుపెట్టండి.